పాలీప్రొపిలీన్ మూత చివరికి అతుక్కున్న విధం: నా అనుభవం

త్రికోణపు గుర్తులో 5 అంకె ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బా మూతకు విరిగిన చెవిని ఏ జిగురుతో అతికించినా, ఆరిన తర్వాత పొరలా ఊడి వచ్చేది. ఎపాక్సీ, వట్టి సయనోఅక్రిలేట్ (సూపర్ గ్లూ), గరుకు కాగితంతో రుద్దడం, ఏవీ ఫలించలేదు. ఈ ప్లాస్టిక్ ఉపరితల శక్తి చాలా తక్కువ కనుక జిగురు దానిపై సరిగా పరుచుకోదు.

పనిచేసినది పాలీఓలెఫిన్ ప్రైమర్, అంటే ఇలాంటి ప్లాస్టిక్‌కు జిగురు పట్టేలా ముందుగా రాసే ద్రవం. రెండు ముఖాలనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ప్రైమర్‌ను రెండింటికీ పలుచగా ఒకే పూత రాసి, నిమిషం ఆగి, ఒక వైపు మాత్రమే సయనోఅక్రిలేట్ చుక్క వేసి, అర నిమిషం కదలకుండా నొక్కి, 24 గంటలు ముట్టుకోకుండా వదిలేశాను. (ఆవిరి ఘాటుగా ఉంటుంది, కిటికీ తెరిచే ఉంచాలి.) మొదటిసారి ప్రైమర్ మందంగా రాసినప్పుడు అతుకు నిలవలేదు.

రెండు నెలలుగా ఊడలేదు గాని, వేడినీరు తగిలే చోటా, బరువు మోసే చోటా ఇది సరిపోతుందని చెప్పలేను.