అల్పపీడనాలు మొదలవకముందే టమాటా మడుల్లో చేసుకోవాల్సిన పనులు

దసరా ముందు నాటిన టమాటా నారు దీపావళి దాటేసరికి పూతకొస్తుంది. మన విజయవాడలో అల్పపీడనాలు వరుస కట్టేదీ అప్పుడే. రెండు రోజులు ముసురు, ఒక పూట ఎండ, మళ్లీ ముసురు... అంతే, కింది ఆకుల మీద మచ్చలు లేస్తాయి. సొంత మిద్దె మీద నాలుగు కుండీలైతే ఎవరి నష్టం వాళ్లది. కాలనీవాళ్లంతా కలిసి వేసుకున్న తోటలో అలా కాదు, ఒక మడిలో పట్టించుకోకుండా వదిలేసిన ఆకు చుట్టుపక్కల మడులన్నిటినీ పాడుచేస్తుంది.

ముందు మచ్చను గుర్తుపట్టడం నేర్చుకోండి. నేలకు దగ్గరగా ఉన్న ముదురాకును పట్టుకుని చూడండి. ముదురు గోధుమ రంగు మచ్చలో, చెట్టు మొద్దు కోస్తే కనిపించే వలయాల్లా ఒకదాని లోపల ఒకటి గీతలుండి, చుట్టూ ఆకు పసుపు తిరిగితే అది ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం (బూజు) వల్ల వచ్చే ఆకుమాడు తెగులు. మచ్చలు చిన్నవిగా, బోలెడన్ని ఉండి, బూడిద రంగు నడిమి భాగంలో కంటికి ఆనీ ఆనని నల్లచుక్కలుంటే అది సెప్టోరియా అనే ఇంకో శిలీంధ్రం తెచ్చే ఆకుమచ్చ. రెండింటికీ జాగ్రత్తలు దాదాపు ఒకటే. చిగుళ్లు ముడుచుకుని మొక్క గిడసబారితే మాత్రం చాలావరకు తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అనుకోవాలి. దానికి బూజు మందు కొట్టి లాభం లేదు, మొక్కను పీకెయ్యండి.

ఈ శిలీంధ్రాలు పాత పంట చెత్తలో దాక్కుంటాయి. వాన చినుకు నేలను తాకి చిందినప్పుడు మట్టితో పాటు కింది ఆకు మీదికి చేరతాయి. ఆకు గంటల తరబడి తడిగా ఉంటే లోపలికి దిగుతాయి. కాబట్టి మట్టి చిందకుండా చూడటం, తడి త్వరగా ఆరేలా చూడటం, ఈ రెండే అసలు మందు.

పాదుల చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన వరిగడ్డి పరవండి. మొక్కకూ మొక్కకూ అడుగున్నర నుంచి రెండడుగుల ఎడం ఉండాలి. ఊతకర్ర పాతి పురికొసతో వదులుగా కట్టండి. పిందె పడ్డాక నేల నుంచి జానెడు ఎత్తు వరకు ఆకులు తీసేయండి. నల్లమట్టి అయితే నీళ్లు నిలవకుండా మడిని ఎత్తుగా పోసుకోవాలి.

ఎక్కువ గొడవ నీళ్ల దగ్గరే. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి పైపు పట్టుకుని మొక్క మొత్తం తడిపేవాళ్లు ప్రతి తోటలోనూ ఉంటారు. ఆ తడి రాత్రంతా ఆకు మీదే ఉంటుంది. దయచేసి పొద్దున్నే, ఆకులు తడవకుండా మొక్క మొదట్లోనే పోయండి. తడి ఆకుల్లో చేతులు పెట్టి కలుపు తీయడం, కాయలు కోయడం వద్దు. కార్తీకంలో వనభోజనాలకు తోటకొచ్చినప్పుడు పిల్లలకీ ఈ మాట చెప్పండి. కత్తెరను ఒక మడి నుంచి ఇంకో మడికి తీసుకెళ్లేముందు స్పిరిట్‌తో తుడవాలి.

తీసిన మచ్చాకుల్ని కంపోస్టు గుంటలో వేయకండి. మన గుంటలు శిలీంధ్రం చచ్చేంత వేడెక్కవు. కవర్లో కట్టి చెత్త బండికి ఇచ్చేయండి. గట్ల మీది కామంచి మొక్కల్ని కూడా పీకాలి, అవీ టమాటా కుటుంబానివే. నిరుడు టమాటా, వంగ, బంగాళాదుంప వేసిన మడిలో ఈసారి బెండో, గోంగూరో వేసుకోండి. కొత్తగా నారు తెచ్చుకునేవాళ్లు అర్క రక్షక్ అడగండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన ఈ హైబ్రిడ్ ఆకుమాడును బాగా తట్టుకుంటుంది.

ఇక మందు సంగతి. పడిన మచ్చను ఏ మందూ మాన్పదు, కొత్త ఆకుల్ని కాపాడుతుందంతే. అవసరమైతే లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ గానీ, 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ గానీ, వాన లేని రోజు చూసుకుని, ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టాలి. వంటింటి స్పూన్లతో కొలవొద్దు, మందును కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచొద్దు. గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. కొట్టిన రోజునే మడి దగ్గర అట్టముక్క కట్టి మందు పేరు, తేదీ, ప్యాకెట్ మీద చెప్పిన గడువు ప్రకారం ఎప్పటిదాకా కాయలు కోయకూడదో పెద్ద అక్షరాలతో రాయండి. పక్క మడివాళ్లకు ఫోన్ చేసి కూడా చెప్పండి.