పాపాయికి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం: ఏడిస్తే, ఉలిక్కిపడితే, నిద్ర మధ్యలో లేస్తే

"మొజార్ట్ పెట్టాం, ఏడ్చింది. బాఖ్ పెట్టాం, ఇంకా ఏడ్చింది. ఇప్పుడు ఎవరిని పెట్టాలి?" ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఎవరినీ పెట్టకండి, ముందు స్పీకరు ఎక్కడ పెట్టారో చెప్పండి అంటాను. అవతలివైపు ఒక క్షణం మౌనం. ఆ తర్వాత కాస్త తగ్గిన గొంతుతో "తొట్టిలోనే, తల పక్కన" అన్న జవాబు.

ఆకలి, తడిసిన బట్ట, కడుపు నొప్పి వంటివి చూసుకున్నాకే ఇది చదువుతున్నారని అనుకుంటున్నాను. మీరు వినిపిస్తున్నది పసివాళ్ల కోసం మెత్తగా మలిచిన వాద్య సంగీతమేననీ అనుకుంటున్నాను. అంటే పెద్ద ఆర్కెస్ట్రాకు రాసిన రచనను ఒక పియానోకో, హార్ప్‌కో (వేళ్లతో మీటే నిలువు తీగ వాద్యం), రెండు మూడు తీగ వాద్యాలకో కుదించి, నడక వేగం తగ్గించి, డోళ్లూ బూరలూ పక్కన పెట్టినది. ఆ ఎంపికలో పొరపాటు జరగడం తక్కువ. పొరపాటంతా దాన్ని వినిపించే తీరులో ఉంటుంది. రచనను మార్చడం ఆఖరున చేయవలసిన పని. అందరూ మొదట చేసేది అదే.

సమస్య: మొదలుపెట్టిన నిమిషంలోపే ఏడుపు, లేదా ముఖం తిప్పుకోవడం

కారణం: శబ్దం ఎక్కువైంది. గదిలో నిలబడిన మీకు కాదు, పడుకున్న బిడ్డకు.

పరీక్ష: బిడ్డను ఇంకొకరి చేతికిచ్చి, బిడ్డ తల ఉండే చోట మీ తల పెట్టి వినండి. ఇంతే. పైసా ఖర్చు లేని ఈ పని ఎవరూ చేయరు. తలుపు దగ్గర నిలబడి "చిన్నగానే ఉంది కదా" అంటారు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్లు (శబ్ద తీవ్రతకు కొలత) తగ్గుతుంది. గదిలో గోడలు కొంత తిప్పి పంపుతాయి కాబట్టి అంతకన్నా తక్కువ తగ్గుతుంది. బిడ్డ తలకు పాతిక సెంటీమీటర్ల దూరంలో ఫోను, ఆ ఫోనుకు రెండు మీటర్ల దూరంలో మీరు. మధ్యలో మూడు రెట్టింపులున్నాయి. మీకు గుసగుసలా వినిపించేది బిడ్డకు గుసగుస కాదు.

పసిపిల్లల నిద్ర కోసం అమ్మే 14 శబ్ద పరికరాలను పూర్తి వాల్యూములో కొలిచిన అధ్యయనం ఒకటి 2014లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వచ్చింది. 30 సెంటీమీటర్ల దూరంలో ఆ పద్నాలుగూ 50 డెసిబెల్లు దాటాయి. మూడు పరికరాలు 85 కూడా దాటాయి. ఆ 50 అన్నది ఆసుపత్రుల్లో నవజాత శిశువుల గదులకు సిఫారసు చేసిన హద్దు. మీ పరికరం మంచి కంపెనీది కావచ్చు. వాల్యూము తిప్పేది మాత్రం మీరే.

పరిష్కారం: స్పీకరును కనీసం రెండు మీటర్ల అవతల పెట్టండి. తొట్టి చెక్కకు తగిలించవద్దు. చెక్క కూడా మోగుతుంది. తీగ ఉన్న పరికరమైతే బిడ్డ చేయి ఎంత సాగినా అందనంత దూరంలో ఉండాలి, ఇందులో రాజీ లేదు. తర్వాత మీరు సంగీతం మీదుగా మామూలు కంటే నెమ్మదైన గొంతుతో మాట్లాడండి. గొంతు పెంచవలసి వస్తే వాల్యూము ఇంకా తగ్గించాలి. పసిబిడ్డకు హెడ్‌ఫోన్లు పెడితే ఎలా ఉంటుందని అడిగేవారూ ఉన్నారు. వద్దు.

దూరం సరిచేశాక కూడా ముఖం చిట్లిస్తుంటే వాద్యం గురించి ఆలోచించండి. "పిల్లల కోసం" అని పేరు పెట్టగానే చాలామంది చిట్టి గంటల ధ్వనిలోకి దిగిపోతారు. అది పెద్దలకు ముద్దుగా ఉంటుంది. కానీ పసిబిడ్డ చెవి గొట్టం చిన్నది కాబట్టి పై స్థాయి ధ్వనులు అందులో మనకన్నా ఎక్కువగా పెరుగుతాయి. దానికి తోడు ఫోను స్పీకరు మంద్రాన్ని దాదాపు పలకదు, మిగిలేది కీచుదనమే. మంద్రస్థాయిలో నడిచే చెల్లోనో (వయొలిన్ కంటే పెద్దదైన తీగ వాద్యం), వీణో, మెత్తగా మీటిన పియానోనో, కాస్త పెద్ద స్పీకరులో వినిపించి చూడండి.

సమస్య: హాయిగా వింటూ వింటూ ఉన్నట్టుండి ఉలిక్కిపడటం

కారణం: మొదటి అర నిమిషం విని వాల్యూము కుదిర్చారు. శాస్త్రీయ రచనలు సినిమా పాటల్లా ఒకే మట్టంలో సాగవు. ఆస్ట్రియా స్వరకర్త హైడన్ 1791లో రాసిన 94వ సింఫనీ రెండో భాగం దీనికి పాఠంలాంటిది. సున్నితమైన చిన్న బాణీ, అదే బాణీ ఇంకా మెల్లగా, ఆ తర్వాత 16వ తాళ ఆవర్తంలో మొత్తం ఆర్కెస్ట్రా డోళ్లతో సహా ఒక్క దెబ్బ. ఆ సింఫనీకి 'సర్‌ప్రైజ్' అన్న పేరు ఊరికే రాలేదు. పేరు చూడకుండా "నెమ్మదిగా ఉంది, బాగుంది" అని అసలు రచననే పెట్టిన తండ్రి ఒకాయన నాకు తెలుసు. మెత్తగా మలిచిన రూపాల్లో ఆ దెబ్బను తీసేస్తారు, కానీ అన్నిటిలో కాదు.

పరిష్కారం: బిడ్డకు వినిపించే ముందు ప్రతి రచననూ చివరిదాకా ఒకసారి మీరు వినండి. అన్నిటికన్నా గట్టిగా మోగిన చోట వాల్యూము సరిచూసుకోండి, మొదట్లో కాదు. ఒకటి అయిపోగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యే సదుపాయాన్ని ఆపండి. ప్రకటనలు వచ్చే చోటు నుంచి అసలు వినిపించవద్దు. ఫోనులో కాల్స్, సందేశాల మోత కూడా ఆపండి. మొదటి నెలల్లో చేతులు చాచి ఉలిక్కిపడటం బిడ్డకు పుట్టుకతో వచ్చిన ప్రతిచర్య; సాధారణంగా ఆరో నెలకల్లా పోతుంది. అందువల్ల ఒకటి రెండుసార్లు ఉలిక్కిపడితే కంగారు అవసరం లేదు. ప్రతిరోజూ అదే చోట ఉలిక్కిపడుతుంటే ఆ చోటు వెతకండి.

సమస్య: సంగీతం వింటూ చక్కగా నిద్రపోయి, ముప్పావు గంట కాగానే ఏడుస్తూ లేవడం

నన్ను మూడు వారాలు తిప్పలు పెట్టింది ఇదే, మా రెండోవాడి విషయంలో. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

వాడికి అప్పుడు అయిదో నెల. ఐదు జోలపాటల బాణీలు, మొత్తం 24 నిమిషాలు. పది నిమిషాల్లో నిద్రపోయేవాడు. మిగతా పద్నాలుగు నిమిషాలు సంగీతం దాని మానాన అది నడిచి, దాని మానాన అది ఆగిపోయేది. వాడు కదిలేవాడు కాదు. ఆ తర్వాత ఎప్పుడో, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండగా, గుక్కపట్టి ఏడుస్తూ లేచేవాడు. నేను పియానో తీసి హార్ప్ పెట్టాను. నడక ఇంకా తగ్గించాను. కాస్త దిగులుగా వినిపించే బాణీని తీసేశాను. ఏం చేసినా అదే ఏడుపు, అదే వేళకు. చిరాకుతో ఒక కాగితం మీద వేళలు రాయడం మొదలుపెట్టాక కనిపించింది: ఏ బాణీ పెట్టినా, నిద్రపోయిన 45, 50 నిమిషాలకే మెలకువ.

ఒక మధ్యాహ్నం చేయి తగిలి ప్లేలిస్టు మళ్లీ మళ్లీ మోగేలా అయింది. గంటన్నర నిద్రపోయాడు. మందు దొరికిందనుకున్నాను. అప్పటినుంచి రాత్రంతా మోగించాను, నాలుగో రాత్రి రెండు గంటలకు ఫోనులో ఛార్జింగ్ అయిపోయేదాకా. ఆ రాత్రి వాడు లేచిన లేవడానికి ఇంటిల్లిపాదీ లేచారు. అప్పుడు తెలిసింది: ఇబ్బంది సంగీతంలో లేదు, అది ఆగిపోవడంలో ఉంది.

మన నిద్ర వలయం సుమారు 90 నిమిషాలదైతే పసిబిడ్డది సుమారు 50 నిమిషాలు. ఒక వలయం ముగిసి మరొకటి మొదలయ్యే అతుకు దగ్గర బిడ్డ సగం మేలుకుంటుంది. నిద్రపోయినప్పుడు చుట్టూ ఏది ఎలా ఉందో అలాగే ఉంటే మళ్లీ జారుకుంటుంది. ఏదో మారిందని తోస్తే పూర్తిగా లేస్తుంది. రైల్లో గాఢంగా నిద్రపోయినవారికి బండి ఆగగానే మెలకువ వస్తుంది చూడండి, అలాంటిదే. తేడా ఏమిటంటే, బిడ్డ గాఢనిద్రలో ఉండగా సంగీతం ఆగితే అప్పటికప్పుడు ఏమీ జరగదు. అతుకు దగ్గరకు వచ్చాకే ఆ లోటు తెలుస్తుంది. ఆగినదానికీ లేచినదానికీ మధ్య అర గంట గడిచిపోతుంది కాబట్టి రెండిటినీ ఎవరూ ముడిపెట్టరు. పంటినీ కడుపునూ నిందిస్తారు, నాలాంటివారు హార్ప్‌ను కూడా. కొన్ని పరికరాల్లో ఆగిపోయే టైమరు ముందే పెట్టి ఉంటుంది. కొన్నవారికి అది ఉందనే తెలియదు.

పరీక్ష: మూడు రోజులు, పగటి నిద్రల్లో ఒకే నిద్రను ఎంచుకోండి. అదే బాణీ, అదే వాల్యూము, కానీ బిడ్డ కళ్లు మూతపడకముందే సంగీతం పూర్తవ్వాలి. నిశ్శబ్దంలోనే నిద్రలోకి జారాలి. నిద్ర సాగితే కారణం ఇదే. సాగకపోతే ఇది కాదు, మరోచోట వెతకండి. ఈ మూడు రోజుల్లో వాద్యం, గది, వేళ ఏదీ మార్చవద్దు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. మూడు నెలల లోపు బిడ్డకైతే ఈ పరీక్షే పెట్టుకోకండి. ఆ వయసులో ఆకలికి లేవడం సహజం.

పరిష్కారం: సంగీతాన్ని నిద్రకు వాకిలిగా వాడండి, పరుపుగా కాదు. చివరి బాణీ నడుస్తుండగా వాల్యూమును రెండు మూడు మెట్లుగా దించండి. రెప్పలు బరువెక్కి, ఇంకా తెరుచుకునే ఉన్నప్పుడు అది ముగియాలి. తర్వాత ఓ రెండు నిమిషాలు నిశ్శబ్దంగా నిమిరి, అప్పుడు పడుకోబెట్టండి. ఠక్కున కోసేసే టైమరు కంటే చేత్తో తగ్గించడమే మేలు. అలవాటు పడిన బిడ్డ మొదటి రెండు మూడు రోజులు గునుస్తుంది. అప్పుడు జాలిపడి మళ్లీ మోగించారంటే లెక్క మొదటికొస్తుంది. మావాడికి నాలుగు రోజులు పట్టింది.

రాత్రంతా మోగిస్తే పోదా అని అడుగుతారు. పోదు. గంటల తరబడి శబ్దం బిడ్డ చెవికి అనవసరం, పైగా ఛార్జింగ్ సంగతి ఇప్పుడే చెప్పాను.

సమస్య: ఏడవదు, ఉలిక్కిపడదు, అసలు పట్టించుకోదు

చాలావరకు ఇది సమస్యే కాదు. పసిబిడ్డ వినడమంటే తల ఊపడం కాదు. కాళ్ల ఆట ఆగడం, చూపు ఒకచోట నిలవడం, పాలు తాగే వేగం మారడం, ఇవే గుర్తులు. అవి కూడా లేకపోతే రెండు విషయాలు చూడండి. పక్కన టీవీ నడుస్తోందా? రోజుకో కొత్త రచన పెడుతున్నారా? పిల్లలకు పరిచయమే రుచి. రెండు మూడు బాణీలనే రోజూ ఒకే వేళకు, మెలకువగా ఉన్నప్పుడు, అయిదు నుంచి పది నిమిషాలు వినిపించండి. మీకు విసుగు పుట్టే సమయానికి బిడ్డకు ఇష్టం మొదలవుతుంది. అదే బాణీని మీరు కూనిరాగం తీస్తే ఇంకా త్వరగా గుర్తుపడుతుంది; మీ శ్రుతి బిడ్డ లెక్కచేయదు. చేతులు చాచడం, ఆవులింతలు, వీపు విల్లులా వంచడం కనిపిస్తే ఆ పూటకు చాలు.

మిగిలినవి

"వినిపిస్తున్నాం గానీ చురుకుదనం పెరగడం లేదు." మొజార్ట్ వింటే తెలివి పెరుగుతుందన్న మాటకు మూలమైన 1993 నాటి ప్రసిద్ధ ప్రయోగం 36 మంది కాలేజీ విద్యార్థుల మీద జరిగింది, కనిపించిన ఫలితం పది పదిహేను నిమిషాలది. అందులో పసిబిడ్డ ఒక్కరూ లేరు. తర్వాతి ప్రశ్న.

ఒక ప్రత్యేక వాద్యానికే ఏడ్చే పిల్లలు అరుదుగా ఉంటారు. ఆ వాద్యం మానేయండి, రెండు నెలలయ్యాక చూడవచ్చు. ఇంతకుముందు ఇష్టంగా విన్న బిడ్డ జలుబు తర్వాత చెవి లాక్కుంటూ ఏడుస్తుంటే డాక్టరుకు చూపించండి. పెద్ద చప్పుడుకు కూడా అదరని బిడ్డకు, ఆరు నెలలు దాటినా శబ్దం వచ్చినవైపు తిరగని బిడ్డకు, పుట్టినప్పటి వినికిడి పరీక్ష సరిగానే వచ్చినా సరే, మళ్లీ పరీక్ష చేయించండి. ప్లేలిస్టు సంగతి ఆ తర్వాత చూద్దాం.