డెక్ స్టెయిన్ నిలవడం లేదా? డబ్బా మార్చే ముందు నీళ్లు పోసి చూడండి

నార్త్ కరోలినాలో మా క్యారీ చుట్టుపక్కల ఏప్రిల్ ఆఖరుకి పైన్ చెట్ల పుప్పొడి రాలడం ఆగుతుంది. పచ్చగా పట్టిన ఆ పొడి కడిగేశాక డెక్ అసలు సంగతి బయటపడుతుంది, నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పోయిన సెప్టెంబరులోనే కదా స్టెయిన్ వేశాం, అప్పుడే పెచ్చులు లేస్తోంది. ఈసారి ఏ బ్రాండ్ తీసుకోమంటావు?" మా డెక్, స్నేహితుల డెక్‌లు కలిపి పాతికకు పైనే చేశాను. బ్రాండ్ వల్ల పాడైన డెక్ దాదాపు చూడలేదు. ఎక్కువసార్లు జరిగింది ఒకటే. చెక్కలోకి ఇంకి రంగూ రక్షణా ఇవ్వాల్సిన పూత స్టెయిన్, దాన్ని ఆ చెక్క తాగలేదు. తాగుతుందో లేదో వేసే ముందు ఎవరూ చూడలేదు.

కడగడం, బ్రష్ పట్టడం మీకు తెలుసనే అనుకుంటున్నాను. చెప్పేదంతా ఇక్కడి ఇళ్లల్లో ఎక్కువగా ఉండే ప్రెషర్ ట్రీటెడ్ (కుళ్లకుండా ఒత్తిడితో మందు పట్టించిన) పైన్ డెక్ గురించి. ఒక్క జాగ్రత్త మాత్రం ముందే చెప్పాలి. మీ డెక్ 2004కు ముందు కట్టింది అయితే ఆ చెక్కలో ఆర్సెనిక్ ఉండొచ్చు. ఇళ్ల వాడకానికి అలాంటి చెక్క తయారు చేయడం 2003 డిసెంబరు 31తో ఆపేశారు. ఆ పాత డెక్‌ని గరుకు కాగితంతో రుద్దకండి, కింద చెప్పే స్ట్రిప్పర్లు (పాత పూత తీసే మందులు), బ్రైటెనర్లు (చెక్క రంగు వెనక్కి తెచ్చే మందులు) కూడా వాడకండి. సబ్బు నీళ్లతో మెత్తగా కడిగి, చెక్కలోకి ఇంకే స్టెయిన్ ఏడాదికో రెండేళ్లకో వేస్తూ ఉంటే చాలు.

సమస్య: స్టెయిన్ పెచ్చులుగా లేస్తోంది

ముందుగా ఒక పెచ్చు గోటితో లేపి కింద చెక్క చూడండి. చెక్కకు రంగు అంటి ఉంటే పైపొర మాత్రమే ఎక్కువైంది, దాని సంగతి తర్వాత చెబుతాను. కింద చెక్క బూడిద రంగులోనో, కొత్త చెక్క రంగులోనో శుభ్రంగా కనిపిస్తే స్టెయిన్ ఒక్క చుక్క కూడా లోపలికి దిగలేదు. పైన పొరలా ఆరి, ఎండకి, నడకకి విడిపోతోంది.

ఇది నాకు బాగా తగిలిన దెబ్బ. ఈ ఇల్లు కొన్న మొదటి ఏడాది డెక్ అంతా బూడిద రంగుకి తిరిగి ఉంది. ఎప్పుడూ ఏమీ వేయని పచ్చి చెక్క అనుకున్నాను. మెట్ల దగ్గర నీళ్లు పోసి చూశాను కూడా. పది సెకన్లలో తాగేసింది. మురికి, బూజు తీసే ఆక్సిజన్ క్లీనర్‌తో కడిగి, రెండు రోజులు ఆరబెట్టి, మంచి ఆయిల్ స్టెయిన్ వేశాను. ఫిబ్రవరికల్లా రెండు చోట్ల లేచింది. ఒకటి వంటగది గోడ వెంబడి, చూరు కింద మూడడుగుల వెడల్పున. రెండోది డెక్ మధ్యలో చతురస్రంగా. మిగతా డెక్ అంతా చక్కగా ఉంది. ఆ రెండు చోట్లా గీకేసి మళ్లీ వేశాను. మళ్లీ లేచింది. మూడోసారి అక్కడే నీళ్లు పోస్తే తామరాకు మీద బొట్టులా దొర్లాయి.

పాత యజమాని ఎప్పుడో క్లియర్ సీలర్ వేశాడు. అందులో మైనం ఉంటుంది, నీళ్లని ఆపేది అదే. ఎండ, వాన, నడక తగిలిన చోట అది అరిగిపోయింది. చూరు కింద, ఏళ్ల తరబడి టేబుల్ ఉన్న చోట అలాగే ఉండిపోయింది. నేను పరీక్ష చేసింది అందరూ తొక్కే మెట్ల దగ్గర, అంటే డెక్ మొత్తంలో ఎక్కువ అరిగిన చోట.

ఇందులో మోసం ఎక్కడుందో చూడండి. క్లియర్ సీలర్‌లో రంగు ఉండదు కాబట్టి ఎండ చెక్కని దాని కిందే బూడిద రంగుకి తిప్పేస్తుంది. చెక్క బూడిదగా కనిపిస్తుంది, మైనం మాత్రం లోపలే ఉంటుంది. బూడిద రంగు చూసి పచ్చి చెక్క అనుకోవడం నేను చేసిన తప్పు. నా తర్వాత ఆరేడు ఇళ్లలో అదే తప్పు చూశాను. కొత్త డెక్ అయినా నమ్మకండి. కొన్ని ట్రీటెడ్ బోర్డులకి ఫ్యాక్టరీలోనే నీళ్లు అంటకుండా మందు కలుపుతారు. మన ఇళ్లల్లో ఇంకొకటి ఉంది. వాసన ఇంట్లోకి రాకూడదని డెక్ మీద స్టవ్ పెట్టి బజ్జీలు, చేపలు వేయిస్తాం. ఆ నూనె చింది ఇంకిన చోట కూడా స్టెయిన్ దిగదు. స్టవ్ పెట్టే మూల తప్పకుండా చూడండి.

కాబట్టి పరీక్ష ఒక్కచోట కాదు, కనీసం పది చోట్ల. చూరు కింద, తలుపు ముందు, టేబుల్, గ్రిల్, స్టవ్ ఉండే చోట, పూలకుండీల కింద, రైలింగ్ పై పట్టీ మీద, రైలింగ్ నీడ పడే అంచున, మెట్ల మీద, మధ్యలో రెండు మూడు బోర్డులు. వాన పడి రెండు రోజులు గడిచాక, పొడిగా ఉన్న ఉదయం, ఒక్కోచోట చెంచాడు నీళ్లు పోయండి. వాటిని చూస్తూ నిలబడండి, లోపలికెళ్లి కాఫీ పెట్టుకుని రావద్దు. నిమిషం లోపే బొట్టు చెక్కలోకి దిగి అక్కడ ముదురు మచ్చ పడితే ఆ చోటు సిద్ధంగా ఉన్నట్టు. గుండ్రంగా నిలబడి దొర్లితే సీలరో, నూనో ఉంది. బొట్టుగా నిలవకుండా పరుచుకుని, అయినా ఇంకకపోతే చెక్క లోపల ఇప్పటికే తడి నిండి ఉంది. ఈ మూడోది కొత్త ట్రీటెడ్ చెక్కలో ఎక్కువగా చూస్తాం. మందు నీళ్లతో పట్టించిన చెక్క కాబట్టి చాలాసార్లు తడితోనే షాపుకి వస్తుంది. దానికి వేరే దారి లేదు, ఆరే దాకా ఆగడమే. కొన్ని వారాలు పట్టొచ్చు, కొన్ని నెలలు పట్టొచ్చు. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని తడి చెక్క మీద వేయకండి. చెక్కలో తడి కొలిచే మాయిశ్చర్ మీటర్ ఉంటే 15 శాతం లోపు చూపించాలి.

సీలర్ ఉందని తేలితే ఆక్సిజన్ క్లీనర్ సరిపోదు. అది మురికినీ బూజునీ తీస్తుంది, మైనాన్ని కదిలించదు. సోడియం హైడ్రాక్సైడ్ ఉన్న డెక్ స్ట్రిప్పర్ కావాలి. కళ్లని పూర్తిగా కప్పే గాగుల్స్, పొడవు గ్లౌజులు, పాత బూట్లు వేసుకోండి, ఇది చర్మాన్ని కాలుస్తుంది. చుట్టూ మొక్కల్ని ముందు బాగా తడపండి, పని అయ్యాక మళ్లీ కడగండి. మబ్బుగా ఉన్న రోజు చూసుకుని స్ట్రిప్పర్ పట్టించి, డబ్బా మీద రాసినంత సేపు ఆరిపోకుండా తడిగా ఉంచి, గట్టి బ్రష్‌తో రుద్ది కడిగేయండి. చెక్క నల్లబడుతుంది, కంగారు పడకండి, ఈ క్షారం తగిలితే చెక్క అలాగే అవుతుంది. వెంటనే ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న బ్రైటెనర్ పట్టించాలి. అది మిగిలిన క్షారాన్ని విరిచేసి చెక్క రంగు వెనక్కి తెస్తుంది. రంగు ముఖ్యం కాదులే అని ఈ మెట్టు మానేసేవాళ్లు ఎక్కువ. క్షారం మిగిలిన చెక్క మీద స్టెయిన్ సరిగా ఆరదు, రంగూ మారుతుంది. డబ్బులు మిగలాలంటే ఖరీదైన స్టెయిన్ బదులు మామూలుది కొనండి, బ్రైటెనర్ మాత్రం మానకండి.

రెండు రోజులు ఆరాక అవే పది చోట్ల మళ్లీ నీళ్లు పోయండి. ఇంకా దొర్లే చోట మాత్రం 60 నుంచి 80 నంబరు గరుకు కాగితంతో రుద్దండి. అంతకన్నా నున్నటిది వాడితే చెక్క రంధ్రాలు మూసుకుపోయి స్టెయిన్ ఇంకడం ఇంకా తగ్గుతుంది. నునుపు చేస్తే బాగుంటుందని 150 నంబరుతో డెక్ అంతా రుద్దిన ఒక స్నేహితుడికి ఆ పనంతా మళ్లీ చేయాల్సి వచ్చింది.

ప్రెషర్ వాషర్‌తో మైనం పోతుందని కొందరు అంటారు. మైనంతో పాటు పైన్‌లోని మెత్తటి భాగం కూడా లేచిపోయి బోర్డు నూగు నూగుగా తయారవుతుంది. కడగడానికి మాత్రం వాడండి, నీటి ఒత్తిడి 1000 పీఎస్ఐ దాటనివ్వకండి, వెడల్పు నాజిల్ పెట్టి అడుగు దూరం ఉంచండి.

సమస్య: నాలుగు రోజులైనా జిగటగా ఉంది, మెరుస్తోంది

చెక్క తాగగలిగిన దానికన్నా ఎక్కువ వేశారు. రెండు పూతలు వేస్తే రెట్టింపు రక్షణ అనే లెక్క పెయింట్‌కి చెల్లుతుందేమో, ఇంకే స్టెయిన్‌కి చెల్లదు. మిగులంతా పైన కూర్చుని చెప్పులకి అంటుతుంది, తర్వాత పెచ్చులవుతుంది. వేసిన పావుగంట, ఇరవై నిమిషాల్లో ఇంకా తడి గుంటలు కనిపిస్తే పాత గుడ్డతో తుడిచేయాలి. ఇప్పటికే జిగటగా ఉంటే మినరల్ స్పిరిట్స్‌తో (ఆయిల్ పెయింట్‌ని కరిగించే ద్రావకం) తడిపిన గుడ్డతో గట్టిగా తుడిస్తే ఆయిల్ స్టెయిన్ చాలావరకు వస్తుంది. వారాలు దాటితే స్ట్రిప్పరే గతి.

సమస్య: రంగు చారలు చారలుగా, అతుకులుగా ఉంది

ఎండలో వేశారు, లేదా బోర్డులకి అడ్డంగా వేశారు. ఒక పట్టీ ఆరిపోయాక దాని అంచు మీద ఇంకో పట్టీ పడితే అక్కడ ముదురు గీత వస్తుంది. రెండు మూడు బోర్డులు తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఆపకుండా వెళ్లండి. మధ్యలో ఫోన్ వచ్చినా ఎత్తకండి. రోలరుతోనో స్ప్రేతోనో వేసినా వెనకాలే బ్రష్‌తో లోపలికి రుద్దాలి. జులైలో మా దగ్గర మధ్యాహ్నం ఉరుములతో వాన పడుతుంది కాబట్టి ఆ నెల వదిలేయడమే మేలు. మే నెల, లేదంటే సెప్టెంబరు మధ్య నుంచి ఆకులు రాలే లోపు బాగుంటుంది. 50 నుంచి 90 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య, తర్వాతి రెండు రోజులు వాన లేని రోజు చూసుకోండి. తెల్లవారుజామున మంచు పడితే అది ఆరాకే మొదలుపెట్టండి.

సమస్య: నల్ల మచ్చలు

మచ్చ మీద ఒక చుక్క బట్టల బ్లీచ్ వేయండి. ఒకటి రెండు నిమిషాల్లో తెల్లబడితే అది బూజు, ఆక్సిజన్ క్లీనర్‌తో పోతుంది. తెల్లబడకపోతే చాలావరకు ఇనుము మరక. మేకు తుప్పు పట్టో, ఇనప కుర్చీ కాళ్ల నుంచో వస్తుంది, ఆక్సాలిక్ యాసిడ్‌తో పోతుంది. ఆ బ్లీచ్ చుక్కని నీళ్లతో పూర్తిగా కడిగేశాకే యాసిడ్ తీయండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులకి ప్రమాదం. డెక్ అంతా బ్లీచ్‌తో కడగడం కూడా వద్దు, చెక్క నారని పాడుచేస్తుంది, మేకుల్ని తినేస్తుంది.

గుండ్రటి నల్ల మచ్చ అయితే తులసి కోటో, కరివేపాకు కుండీయో అక్కడ ఉండి ఉంటుంది. రోజూ నీళ్లు పోస్తాం, కింద చెక్క ఎప్పటికీ ఆరదు. కుండీ కింద కాళ్లున్న స్టాండ్ పెట్టి గాలి ఆడనివ్వండి.

సమస్య: ఏడాదికే మళ్లీ బూడిద రంగు

క్లియర్, లేదా చాలా పలుచటి రంగు కొన్నారు. ఎండ నుంచి చెక్కని కాపాడేది స్టెయిన్‌లోని రంగు పొడి. అది లేకపోతే నీళ్లు ఆగినా ఎండ ఆగదు. మనం నడిచే బోర్డులకి నేను చెక్క గీతలు కొంత కనిపించే సెమీ ట్రాన్స్‌పరెంట్ ఆయిల్ స్టెయిన్ తప్ప వేయను. రెండు మూడేళ్లకి పలచబడుతుంది, కడిగి మళ్లీ వేయొచ్చు, పెచ్చులు గీకే పని ఉండదు. చెక్కని పూర్తిగా కప్పే సాలిడ్ స్టెయిన్ ఎక్కువ కాలం ఉంటుందని షాపులో చెబుతారు. రైలింగ్ మీద నిజమే. నేల మీద అది పెయింట్‌లా పొర కడుతుంది, లేవడం మొదలైతే మొత్తం రుద్దాలి, మళ్లీ సెమీ ట్రాన్స్‌పరెంట్‌కి రావడం చాలా కష్టం. రైలింగ్‌కి వేసుకోండి, నేలకి వద్దు.

డబ్బా డబ్బాకి రంగు కాస్త తేడా వస్తే అన్నీ పెద్ద బకెట్‌లో కలిపి వేయండి. కణుపుల దగ్గర జిగురు కారితే ఆరాక గీకేయండి. చెద, కుళ్లు ఉంటే అది స్టెయిన్ పని కాదు, బోర్డు మార్చాలి.

పని అయ్యాక గుడ్డల్ని ఉండలు చుట్టి గ్యారేజీలో పడేయకండి. ఆయిల్ స్టెయిన్ తడిసిన గుడ్డలు కుప్పగా ఉంటే ఆరుతూ వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. ఒక్కొక్కటీ విప్పి డ్రైవ్‌వే మీద విడివిడిగా పరచండి, గట్టిపడే దాకా అక్కడే ఉంచండి. ఆ రోజే తీసేయాల్సి వస్తే నీళ్లు నింపిన ఇనప డబ్బాలో ముంచి, మూత బిగించి బయట పెట్టండి.