చిన్న దేశం ఐటీ బలాన్ని అంచనా వేయడం ఎలా?

హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు ఇరవై రెండేళ్లుగా అర్థశాస్త్రం చెబుతున్నాను. ఏటా ప్రాజెక్టుల సమయంలో ఎవరో ఒకరు ‘ఐటీ, టెలికాం రంగాల్లో ఫలానా చిన్న దేశం బలాలు’ అనే అంశం ఎంచుకుంటారు. వారం తిరిగేసరికి ర్యాంకుల పట్టికలతో నిండిన నలభై పుటలు నా బల్ల మీదికి వస్తాయి. ఆ దేశానికి ఆ బలం ఎక్కడిదో మాత్రం ఒక్క పుటలోనూ ఉండదు. అలాంటి ప్రాజెక్టు ఎలా చేయాలో ఉత్తర ఐరోపాలోని ఎస్టోనియాను ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

ముందు ఆ దేశాన్ని మనకు తెలిసిన కొలతతో కొలవండి. ఎస్టోనియా జనాభా సుమారు 13 లక్షలు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి వరంగల్ జిల్లా జనాభా 35 లక్షలు. అంటే మన పాత జిల్లాలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. విస్తీర్ణం చూస్తే 45 వేల చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో దాదాపు 40 శాతం. ఇంత పలచగా జనం ఉన్న చోట ఊరూరా కార్యాలయం తెరిచి సిబ్బందిని పెట్టడం ఖజానాకు మోయలేని భారం. సేవలను ఇంటర్నెట్‌లోకి మార్చడం వారికి అవసరం అయిందని ఈ అంకెలే చెబుతాయి.

తర్వాత, బయలుదేరిన రోజున వారి చేతిలో ఏముందో రాయండి. 1991లో సోవియట్ పాలన నుంచి బయటపడినప్పుడు డబ్బు లేదు. అయితే రాజధాని టాలిన్‌లో 1960 నుంచి పనిచేస్తున్న సైబర్నెటిక్స్ (యంత్రాల నియంత్రణ, కంప్యూటర్ల శాస్త్రం) పరిశోధన సంస్థ ఉంది, అందులో తర్ఫీదైన మనుషులు ఉన్నారు. దీన్ని చాలామంది వదిలేస్తారు, వదలకండి. 1996లో ‘పులి దూకు’ అనే అర్థం వచ్చే పేరుతో బడులకు కంప్యూటర్లు, ఇంటర్నెట్ ఇచ్చే పథకం ప్రకటించారు. టెలికాం సంగతి రెండు వాక్యాల్లో తేల్చవచ్చు: టెలిఫోన్ సంస్థలోకి స్వీడన్, ఫిన్లాండ్ కంపెనీలను భాగస్వాములుగా తీసుకున్నారు, 2001లో పోటీకి తలుపులు పూర్తిగా తెరిచారు.

ఇక అసలు పని. ఒక మనిషిని, ఆ మనిషికి పడిన ఒక అవసరాన్ని పట్టుకుని చివరిదాకా వెంట నడవండి. పరకాల దగ్గరి ఊరి నుంచి వచ్చే నా విద్యార్థిని ఒకామె ఉపకార వేతనం కోసం ఆదాయ, కుల, నివాస పత్రాల నకళ్లను ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని మూడు చోట్లకు తిరిగింది. తండ్రి పేరు ఎన్నిసార్లు రాశావని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి పదకొండు అంది. ఇదే అవసరం ఎస్టోనియాలో ఎలా తీరుతుందో పక్కనే రాయండి. అక్కడ 2002 నుంచి చిప్ ఉన్న గుర్తింపు కార్డు ఇస్తున్నారు. దానికి రెండు రహస్య సంఖ్యలు. నాలుగంకెలది ‘ఇది నేనే’ అని చెప్పడానికి, అయిదంకెలది సంతకం చేయడానికి. ఒకసారి ఇచ్చిన వివరాన్ని ప్రభుత్వం మళ్లీ అడగకూడదన్నది అక్కడి సూత్రం.

దీని వెనుక, ప్రభుత్వ శాఖలు ఒకదాని దగ్గరున్న వివరాలను మరొకటి ఇంటర్నెట్ ద్వారా అడిగి తీసుకునేలా 2001లో మొదలైన ఎక్స్‌రోడ్ అనే వ్యవస్థ ఉంది. మన కాకతీయుల గొలుసుకట్టు చెరువులు తెలిసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. అన్ని నీళ్లనూ తెచ్చి ఒకే పెద్ద జలాశయంలో పోయలేదు. జనాభా వివరాలు ఒక శాఖ దగ్గర, భూమి వివరాలు మరో శాఖ దగ్గర, ఎవరి చెరువు వారిదే. అడిగే హక్కు ఉన్నవారు అడిగినప్పుడు తూము తెరుచుకుంటుంది, ఎవరు అడిగారో నమోదవుతుంది. నా దృష్టిలో ఆ దేశపు అసలు బలం ఈ అమరికే. మీ ప్రాజెక్టులో సగం పుటలు దీనికే ఇవ్వండి.

కంపెనీల గురించి రాసేటప్పుడు వాటి విలువల జాబితా ఇవ్వకండి, మనుషులు ఎటు వెళ్లారో చూడండి. ఇంటర్నెట్ ద్వారా ఫోన్ మాట్లాడుకునే వీలిస్తూ 2003లో వచ్చిన స్కైప్ స్థాపకులు స్వీడన్, డెన్మార్క్ దేశస్థులు, సాఫ్ట్‌వేర్ రాసింది ఎస్టోనియా ప్రోగ్రామర్లు. 2005లో అమెరికా ఆన్‌లైన్ వ్యాపార సంస్థ ఈబే దాన్ని కొన్నాక ఆ డబ్బూ అనుభవమూ కొత్త కంపెనీల్లోకి పారాయి. స్కైప్‌లో మొదటి ఉద్యోగి అయిన తావెత్ హిన్రికుస్ 2011లో విదేశాలకు డబ్బు పంపే వైజ్ సంస్థను మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు. 2025లో స్కైప్ మూతపడింది, ఆ మనుషులు కట్టినవి నడుస్తూనే ఉన్నాయి.

బలహీనతల అధ్యాయం తప్పనిసరి. 2007లో సైబర్ దాడులు బ్యాంకుల, పత్రికల, ప్రభుత్వ వెబ్‌సైట్లను స్తంభింపజేశాయి. మరుసటి ఏడాది నాటో సైబర్ రక్షణ కేంద్రం టాలిన్‌లోనే వెలిసింది. 2017లో కార్డు చిప్‌లోనే లోపం బయటపడి, ఏడున్నర లక్షలకు పైగా కార్డుల ధ్రువీకరణలను నిలిపివేయాల్సి వచ్చింది. అంతా ఒకే కార్డు మీద నిలబెడితే వచ్చే ప్రమాదం ఇది, దాచకుండా రాయండి.

చివరగా మడికొండ ఐటీ పార్కుకో, మీ ఊరి పంచాయతీ కార్యాలయానికో ఒక పూట వెళ్లి రండి. ఎస్టోనియాలో చూసిన వాటిలో ఇక్కడ పనికొచ్చేది ఏది, 13 లక్షల మందికే సరిపోయేది ఏది అని రెండు వరుసలుగా విడదీయండి. ర్యాంకుల పట్టిక ఉండి తీరాలనిపిస్తే అనుబంధంలో పెట్టండి. మౌఖిక పరీక్షలో నేను దాన్ని అడగను. ఆ కార్డుకు రహస్య సంఖ్యలు రెండెందుకు అన్నదే నా మొదటి ప్రశ్న.