స్కాఫోల్డ్ మీద కణాలు నిలవడం లేదా? ముందు చూడాల్సినవి

గుంటూరు, విజయవాడ వైపు కాలేజీల్లో కైటోసాన్, జెలటిన్, పీసీఎల్ (పాలీకాప్రోలాక్టోన్) లాంటి పాలిమర్లతో స్కాఫోల్డ్ (కణాలు పట్టుకుని పెరగడానికి రంధ్రాలున్న ఆధారం) చేసి, వాటి మీద కణాలు పెంచే ప్రాజెక్టు తీసుకున్నవాళ్ల కోసం ఇది. ప్రయోగం పోగానే చాలామంది కణాల మీదే అనుమానపడి కొత్త వయల్ (గడ్డకట్టించి దాచిన కణాల చిన్న సీసా) తీస్తారు. దానికంటే ముందు మెటీరియల్‌ని చూడండి. ప్రతిసారీ మూడు రకాల వెల్స్ (కణాలు పెంచే ప్లేటులోని గుంటలు) పెట్టుకోండి: కణాలు మాత్రమే, స్కాఫోల్డ్ మాత్రమే, రెండూ కలిపి. ఈ మూడూ లేకపోతే కింద చెప్పే కారణాల్లో ఏదీ తేల్చలేరు.

సమస్య: స్కాఫోల్డ్ మీద కణాలు గుండ్రంగా, ముద్దలుగా ఉన్నాయి. పక్కనే ప్లాస్టిక్ మీద మాత్రం చక్కగా పరుచుకున్నాయి.

అంటే కణాలు బాగానే ఉన్నాయి, తేడా ఉపరితలంలో ఉంది. పీసీఎల్ ఫైబర్ల మీద ఒక నీటిచుక్క వేసి చూడండి, తామరాకు మీద బొట్టులా నిలబడుతుంది. ఆ ఫైబర్ల మధ్య గాలి ఇరుక్కుంటే మీడియం (కణాలకు పోసే పోషక ద్రవం) లోపలికి పోదు. ఇంకో సంగతి, కణం పాలిమర్‌ని నేరుగా పట్టుకోదు. మీడియంలో కలిపే సీరంలోని (రక్తం నుంచి తీసిన ద్రవం) ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ లాంటి ప్రోటీన్లు ముందుగా ఉపరితలానికి అంటుకుంటాయి, కణం తన ఇంటెగ్రిన్లతో (కణం పైపొరలోని పట్టు ప్రోటీన్లు) పట్టుకునేది వాటిని. ఆ ప్రోటీన్లలో ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆసిడ్ అనే మూడు అమైనో ఆమ్లాల వరుస ఇందుకు చాలని 1984లో పియర్ష్‌బాకర్, రువోస్లాటి చూపించారు. నీటికి పొసగని ఉపరితలం మీద ప్రోటీన్లు అంటుకున్నా వాటి ఆకారం చెడిపోతుంది, ఆ వరుస కణానికి అందకుండా పోతుంది.

పరిష్కారం: స్కాఫోల్డ్‌ని 70 శాతం ఇథనాల్‌లో అరగంట నానబెట్టి, పీబీఎస్‌తో (కణాలకు హాని చేయని ఉప్పు ద్రావణం) మూడుసార్లు కడగండి. మధ్యలో ఆరనివ్వకండి, ఆరితే గాలి మళ్లీ చేరుతుంది. తర్వాత సీరం ఉన్న మీడియంలో రాత్రంతా ఉంచండి, లేదా 0.1 శాతం జెలటిన్ పూత ఇవ్వండి. కణాల్ని తక్కువ మీడియంలో గాఢంగా కలిపి స్కాఫోల్డ్ మీద చుక్కగా వేసి, గంటో రెండు గంటలో ఆగి, అప్పుడు మిగతా మీడియం పోయండి. మన ఎండాకాలంలో ఆ చుక్క ఇట్టే ఆరిపోతుంది, చుట్టూ ఉన్న ఖాళీ వెల్స్‌లో పీబీఎస్ నింపి పెట్టండి. స్టెరిలైజ్ చేయడానికి పీసీఎల్‌ని మాత్రం ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో క్రిములు చంపే పరికరం) పెట్టకండి. అది 60 డిగ్రీల దగ్గరే కరుగుతుంది.

సమస్య: స్కాఫోల్డ్ పెట్టిన వెల్ అంతా చచ్చిపోయింది, ప్లాస్టిక్ మీది కణాలతో సహా.

మెటీరియల్ నుంచి ఏదో కారుతోంది. మీడియం పసుపురంగుకు తిరిగితే ఆమ్లమే. కైటోసాన్‌ని ఎసిటిక్ ఆసిడ్‌లో కరిగిస్తాం కదా, అది ఫిల్మ్‌లోనే మిగిలిపోతుంది. పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌లో ముంచి, కడిగిన నీటి పీహెచ్ తటస్థం అయ్యేదాకా కడగాలి. రంగు మారకుండానే చస్తుంటే క్రాస్‌లింకింగ్‌కి (పాలిమర్ గొలుసుల్ని ఒకదానితో ఒకటి ముడివేయడానికి) వాడిన గ్లుటరాల్డిహైడ్‌ని అనుమానించండి. గ్లైసిన్ ద్రావణంలో నానబెడితే మిగిలిన ఆల్డిహైడ్ చివరలు మూసుకుంటాయి. తేల్చుకోవడానికి స్కాఫోల్డ్‌ని 37 డిగ్రీల దగ్గర 24 గంటలు మీడియంలో ఉంచి, ఆ మీడియం ఒక్కదాన్నే వేరే కణాలకు పోసి చూడండి. మామూలు మీడియంలోని కణాలతో పోలిస్తే బతికినవి 70 శాతం కంటే తగ్గితే ఐఎస్ఓ 10993-5 (వైద్య పరికరాలు కణాలకు విషమా అని పరీక్షించే ప్రమాణం) లెక్కన అది విషపూరితమే.

సమస్య: ఎంటీటీలో (బతికిన కణాలు ఎంటీటీ అనే పసుపు రసాయనాన్ని ఊదారంగుకు మార్చడాన్ని కొలిచే పరీక్ష) రీడింగ్ బ్రహ్మాండం, మైక్రోస్కోప్‌లో కణాలే లేవు.

ఇది అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే చూడ్డానికి విజయంలా ఉంటుంది. కొన్ని స్కాఫోల్డ్‌లు రంగుని పీల్చుకుంటాయి, కొన్ని కణాలు లేకుండానే ఎంటీటీని ఊదారంగుకు మారుస్తాయి. వెల్ అడుగున ప్లాస్టిక్ మీద పెరిగిన కణాలు కూడా లెక్కలో కలుస్తాయి. పరీక్షకి ముందు స్కాఫోల్డ్‌ని కొత్త వెల్‌లోకి మార్చండి, ఖాళీ స్కాఫోల్డ్ రీడింగ్ తీసేయండి, డాపీ రంగు (కణకేంద్రకాలు మెరిసేలా చేసేది) వేసి కంటితో చూడండి. నా మటుకు నాకు ఎంటీటీ ఒక్కదాని మీద నిలబెట్టిన ఫలితం మీద నమ్మకం కుదరదు.

సమస్య: పైన కణాలు, లోపల ఖాళీ.

రంధ్రాలు కణం కంటే చిన్నవైనా ఇంతే, స్కాఫోల్డ్ మరీ మందంగా ఉన్నా ఇంతే. ఆక్సిజన్ దట్టమైన కణజాలంలోకి సుమారు 100 నుంచి 200 మైక్రాన్ల లోతుకే బాగా అందుతుంది. పలుచగా చేయండి, లేదా మీడియం లోపలికి ప్రవహించే ఏర్పాటు చేయండి.

సమస్య: జనవరిలో బాగా పెరిగాయి, మే నెలలో అదే పద్ధతిలో పెరగడం లేదు.

ఇంక్యుబేటర్‌ని చూడండి. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేయగలదే గానీ చల్లబరచలేదు. గది వేడి 37 డిగ్రీలకు కనీసం నాలుగైదు డిగ్రీలు తక్కువ ఉంటేనే అది అదుపులో ఉంటుంది. విజయవాడలో 40 దాటిన రోజున సాయంత్రం ఏసీ ఆపి తాళం వేసి వెళ్తే లోపల ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు గుర్తుపెట్టుకునే చిన్న థర్మామీటర్ ప్రోబ్‌ని లోపల నీళ్ల సీసాలో ఉంచి, పొద్దున్నే రీడింగ్ నోట్‌బుక్‌లో రాయండి. రాత్రిపూట కూడా ఏసీ నడిచేలా డిపార్ట్‌మెంట్‌లో అనుమతి తీసుకోండి. కరెంటు పోతే ఏసీ తనంతట తాను మళ్లీ ఆన్ అవుతుందో లేదో కూడా ఒకసారి ఆపి చూసుకోండి.