హెవీ ఫెర్మియాన్ స్ఫటికాలు, నాలుగవ పాఠం: డోలనాల నుంచి ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిని లెక్కించడం

గత పాఠంలో డి హాస్–వాన్ ఆల్ఫెన్ డోలనాల (క్షేత్రాన్ని మార్చేకొద్దీ లోహపు అయస్కాంతీకరణలో కనిపించే హెచ్చుతగ్గుల) పౌనఃపున్యం నుంచి ఫెర్మి ఉపరితలపు (ఎలక్ట్రాన్లు నిండిన స్థితులకు తరంగ సంఖ్యల అంతరాళంలో ఉండే హద్దు) అడ్డుకోత వైశాల్యాన్ని రాబట్టాము. ఈ పాఠంలో అవే డోలనాల నుంచి ఎలక్ట్రాన్ ప్రభావక ద్రవ్యరాశిని, అంటే స్ఫటికంలో అది ఎంత భారంగా కదులుతుందో తెలిపే ద్రవ్యరాశిని, లెక్కిస్తాము. హెవీ ఫెర్మియాన్ స్ఫటికాల్లో ఇది చాలా ఎక్కువ. డోపింగ్ చేసిన (మాలిన్య పరమాణువులు కలిపిన) స్ఫటికంలో ఆ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చో కూడా పరిశీలిస్తాము.

ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ డోలనాల కంపన పరిమితి తగ్గుతుంది, ద్రవ్యరాశి ఎంత ఎక్కువైతే అంత వేగంగా తగ్గుతుంది. లిఫ్షిట్స్–కోసెవిచ్ సూత్రం ప్రకారం ఈ తగ్గుదల ఎక్స్ ÷ సైన్‌హెచ్(ఎక్స్). ఇందులో సైన్‌హెచ్ అంటే హైపర్‌బోలిక్ సైన్, ఎక్స్ = 14.69 × ద్రవ్యరాశి × ఉష్ణోగ్రత ÷ క్షేత్రం. ద్రవ్యరాశిని స్వేచ్ఛా ఎలక్ట్రాన్ ద్రవ్యరాశికి ఎన్ని రెట్లో ఆ సంఖ్యగాను, ఉష్ణోగ్రతను కెల్విన్లలోను, క్షేత్రాన్ని టెస్లాలలోను తీసుకోవాలి.

10 నుంచి 15 టెస్లాల వరకు కొలిచామనుకుందాం. డోలనాలు క్షేత్రపు విలోమంలో ఆవర్తనం చెందుతాయి కనుక సగటును కూడా విలోమాలకే తీయాలి. అప్పుడు వచ్చేది 12.5 కాదు, 12 టెస్లాలు. ద్రవ్యరాశి 10 రెట్లయితే 0.1 కెల్విన్ వద్ద ఎక్స్ 1.22, తగ్గుదల గుణకం 0.79, 0.4 కెల్విన్ వద్ద ఎక్స్ 4.90, గుణకం 0.073. రెండింటి నిష్పత్తి 0.093. అదే 9 రెట్లకు లెక్కిస్తే 0.13 వస్తుంది. కంపన పరిమితిని ఉష్ణోగ్రతతో భాగించి, లాగరిథమ్ తీసి, బిందువుల గుండా సరళరేఖ గీయడం సులువైన దారే కానీ, ఎక్స్ ఒకటికి దగ్గరగా ఉన్నచోట ఆ రేఖ వంగుతుంది కనుక మొత్తం ప్రమేయాన్నే దత్తాంశాలకు అమర్చడం మంచిది. 100 రెట్ల ద్రవ్యరాశి గల కక్ష్య (క్షేత్రంలో ఎలక్ట్రాన్ ఫెర్మి ఉపరితలం మీద తిరిగే మార్గం) విషయంలో 0.1 కెల్విన్ కూడా ఎక్కువే: అక్కడ గుణకం పదివేలలో ఒక వంతుకు పడిపోతుంది, 0.03 కెల్విన్ వద్ద మాత్రం 0.19 దాకా నిలుస్తుంది.

ఇక డోపింగ్ సంగతి. మాలిన్య పరమాణువుల పరిక్షేపణం వల్ల కలిగే తగ్గుదలను డింగిల్ గుణకం చెబుతుంది. దాని ఘాతాంకాన్ని సాధారణంగా ద్రవ్యరాశి, డింగిల్ ఉష్ణోగ్రతల (పరిక్షేపణ తీవ్రతను ఉష్ణోగ్రత రూపంలో చెప్పే సంఖ్య) లబ్ధంగా రాస్తారు కాబట్టి, భారమైన ఎలక్ట్రాన్లను మాలిన్యాలు మరింత తీవ్రంగా అణచివేస్తాయని చదివేవారికి అనిపిస్తుంది. నిజానికి దానిని స్వేచ్ఛాపథ మధ్యమం (రెండు పరిక్షేపణల మధ్య ఎలక్ట్రాన్ సగటున ప్రయాణించే దూరం) పరంగా రాస్తే ద్రవ్యరాశి కొట్టివేయబడి, ఫెర్మి తరంగ సంఖ్య, క్షేత్రం, పథం మాత్రమే మిగులుతాయి. 1000 టెస్లాల పౌనఃపున్యం (డోలనాలు క్షేత్రపు విలోమంలో ఆవర్తనం చెందుతాయి కనుక దీనికీ టెస్లాలే ప్రమాణం) గల వృత్తాకార కక్ష్యకు, 12 టెస్లాల వద్ద, పథం 100 నానోమీటర్లయితే ఘాతాంకం −3, అంటే గుణకం 0.05, పథం 50 నానోమీటర్లకు తగ్గితే ఘాతాంకం −6, గుణకం 0.0025. క్షేత్రాన్ని 24 టెస్లాలకు పెంచితే మళ్ళీ 0.05కే చేరుకుంటాము. డోపింగ్ చేసిన స్ఫటికాలకు బలమైన క్షేత్రాలు కావలసింది ప్రధానంగా ఇందుకే. కాబట్టి ఒక కక్ష్య సంకేతం కనిపించనంత మాత్రాన ఆ కక్ష్యే లేదని తేల్చకూడదు. ముందుగా ఈ రెండు గుణకాలను గుణించి, ఆ ఫలితం పరికరపు రొద కంటే పైన ఉందో లేదో చూడాలి.

అయితే బలమైన క్షేత్రం పదార్థాన్నే మార్చగలదు. సీరియం రుథేనియం సిలిసైడ్‌లో (ఒక సీరియం, రెండేసి రుథేనియం, సిలికాన్ పరమాణువులు గల సమ్మేళనంలో) క్షేత్రం సి-అక్షం వెంట సుమారు 7.8 టెస్లాలకు చేరినప్పుడు అయస్కాంతీకరణ హఠాత్తుగా పెరుగుతుంది, ఆ క్షేత్రం దాటాక ద్రవ్యరాశి తగ్గుతూ పోతుంది. సీరియం స్థానంలో లాంథనం చేరిస్తే రెండు మార్పులు ఒకేసారి జరుగుతాయి: 4ఎఫ్ ఎలక్ట్రాన్ (సీరియం అయస్కాంతత్వానికి మూలమైనది) లేని ఆ పరమాణువు క్రమమైన జాలకంలో పరిక్షేపణ కేంద్రంగా మారుతుంది, పరిమాణంలో పెద్దది కనుక జాలకాన్ని వ్యాకోచింపజేస్తుంది. లాంథనం సుమారు 8 శాతం దాటితే యాంటీఫెర్రోమాగ్నెటిక్ క్రమం (అయస్కాంత భ్రామకాలు పరస్పరం వ్యతిరేక దిశల్లో అమరి ఒకదాన్నొకటి రద్దు చేసుకునే స్థితి) ఏర్పడుతుంది. అందువల్ల ద్రవ్యరాశి మారినట్లు తేలితే, దానికి కారణం మాలిన్యమో వ్యాకోచమో కాక క్షేత్రమేనా అని తెలుసుకోవడానికి కొలిచిన క్షేత్ర పరిధిని చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు ద్రవ్యరాశిని విడిగా లెక్కించాలి.

అభ్యాసం: పైన 10 రెట్ల ద్రవ్యరాశితో లెక్కించిన కక్ష్యనే 20 నుంచి 30 టెస్లాల పరిధిలో కొలిచారు. 0.4, 0.1 కెల్విన్ల వద్ద కంపన పరిమితుల నిష్పత్తి 0.59 వచ్చింది. ద్రవ్యరాశి మారకపోతే ఎంత రావాలో ముందు లెక్కించండి (0.45), ఆ తర్వాత 0.59కి సరిపోయే ద్రవ్యరాశిని కనుగొనండి. మీ జవాబు 8 రెట్లకు దగ్గరగా ఉండాలి.