టీకాకు జంకే పెద్దలతో, ఆంక్షలకు విసిగిన ఇంటివారితో ఎలా మాట్లాడాలి

ఇంటి పెద్ద ఒకరు టీకా వేయించుకోనని భీష్మించుకు కూర్చోవడం, మరొకరు ఇదంతా బూటకమంటూ మాస్కు తీసేసి బజారుకు వెళ్లడం, ఇంకొకరు రాత్రంతా నిద్రపట్టక ఫోనులో వార్తలు చూస్తూ ఉండిపోవడం 2020, 2021 సంవత్సరాల్లో మనం ఇంటింటా చూసినవే. వేర్వేరు సమస్యలుగా కనిపించినా వీటి మూలం చాలాసార్లు ఒకటే: తన బతుకు మీద తన చేతిలో ఏమీ లేకుండా పోయిందన్న బాధ. కోవిడ్ మళ్లీ విజృంభించినా, మరో కొత్త వ్యాధి వచ్చినా, ఇంట్లో నచ్చజెప్పే బాధ్యత తీసుకునే వ్యక్తి ఈ మూలాన్ని గుర్తుంచుకుని ఒక వరుస పాటించడం మంచిది. ముందు ఆంక్షల వల్ల కలిగిన నష్టం గురించి అడగాలి. తర్వాత నిద్ర, ఆందోళన, దుఃఖం సంగతి చూడాలి. టీకా మాట చివరన ఎత్తాలి. చాలా ఇళ్లలో దీనికి తలకిందులుగా జరిగింది కాబట్టే మాటలు వాదులాటలుగా మారాయి.

కోపం వెనుక ఉన్న నష్టం

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ ముగిసిన మూడో నాటికి, అంటే మార్చి 25 నుంచి, దేశమంతటా లాక్‌డౌన్ అమలైంది. ప్రకటనకూ అమలుకూ మధ్య ఉన్న వ్యవధి నాలుగు గంటలే. 21 రోజులన్నది పొడిగింపు మీద పొడిగింపుతో మే 31 వరకు సాగింది. మరుసటి ఏడాది రెండో దశలో ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుంచి మధ్యాహ్నం 12 దాటాక కర్ఫ్యూ పెట్టారు. తెలంగాణలో మే 12న మొదలైన లాక్‌డౌన్‌లో తొలుత ఉదయం 6 నుంచి 10 గంటల వరకే సడలింపు ఇచ్చారు. నెల జీతం ఇంటికి వచ్చేవారికి ఇది ఇబ్బంది మాత్రమే. సాయంత్రం ఐదింటికి మూకుడు పొయ్యి మీద పెట్టి రాత్రి తొమ్మిది వరకు మిరపకాయ బజ్జీలు అమ్ముకునే మనిషికి మాత్రం ఆ వేళలు వ్యాపారాన్ని పూర్తిగా తుడిచిపెట్టాయి. పెళ్లిళ్ల సీజను మీదే ఏడాది గడిపే షామియానా వారికి, మేళగాళ్లకు, వంటవాళ్లకు వరుసగా రెండు వేసవులు చేజారాయి.

కాబట్టి అలాంటి ఇంట్లో ఎవరైనా “కరోనా లేదు, గిరోనా లేదు” అన్నప్పుడు మరణాల లెక్కలు ఏకరువు పెట్టకూడదు. ఆ మాటకు అర్థం చాలాసార్లు “నా నష్టాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు” అని. “మావయ్యా, బండి ఆగి ఎన్నాళ్లయింది? ఫైనాన్స్ వాళ్లు ఏమంటున్నారు?” అని అడిగి, ఆయన చెప్పినంతసేపూ అడ్డుపడకుండా వినాలి. ఆ తర్వాత చేతనైన సాయం ఒకటి వెంటనే చేయాలి. 2020లో రిజర్వు బ్యాంకు ఆగస్టు 31 వరకు అప్పుల వాయిదాలకు మారటోరియం సదుపాయం కల్పించినప్పుడు, కిస్తీ ఆగినా వడ్డీ నడుస్తూనే ఉంటుందన్న సంగతి చాలామందికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. అలాంటి కాగితం ఒకటి పక్కన కూర్చుని చదివి వివరిస్తే, ఉచిత బియ్యం ఎప్పుడు ఇస్తారో కనుక్కుని చెబితే, తర్వాత చెప్పే ఆరోగ్యపు మాటకు విలువ వస్తుంది.

ఆంక్ష ఎందుకో కూడా చెప్పాలి, కానీ క్లుప్తంగా చెప్పాలి. అందరూ ఒకేసారి జబ్బు పడితే పడకలు, ఆక్సిజన్ సరిపోవు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాలో అంతరాయం కలిగి 11 మంది మరణించారని అధికారులే ప్రకటించారు. రద్దీని వాయిదా వేయడానికే కట్టడి అని చెప్పి, ఆ కట్టడిలో ఆయన ఎంచుకోగలిగిన భాగాన్ని ఆయనకే వదిలేయాలి. చుట్టాలు వస్తే గదిలో కాకుండా అరుగు మీద కూర్చోబెట్టాలా, దుకాణానికి జనం లేని వేళ ఎప్పుడు వెళ్లాలి వంటివి ఇంటి పెద్దే నిర్ణయిస్తే, ఆ నియమాలను తానే కాపాడతాడు.

నిద్ర, మద్యం, దుఃఖం

నిద్రపట్టని మనిషికి ఏ సమాచారమూ తలకెక్కదు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి దెబ్బతిన్నా, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయినా, చీటికీమాటికీ కోపం వస్తున్నా, ఒంటినొప్పులంటూ మంచం దిగకపోయినా దానిని బద్ధకమనో, వయసు ప్రభావమనో కొట్టిపారేయకూడదు. మన పెద్దలు “మనసు బాగోలేదు” అని చెప్పడం అరుదు. “గుండె దడగా ఉంది”, “కడుపులో తిప్పుతోంది”, “కాళ్లలో సత్తువ లేదు” అంటారు. శరీర పరీక్షల్లో ఏమీ తేలకపోతే మానసిక వైద్యుని సలహా తీసుకోవాలి. వార్తలు చూడడం పూర్తిగా మానమనడం కన్నా, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అని వేళ పెట్టి, పడుకునే గదిలోకి ఫోను రాకుండా చూడడం ఆచరణలో సాధ్యం.

మద్యం సంగతి విడిగా చెప్పవలసి ఉంది. 2020 మార్చి చివరలో దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి, మద్యం అందక చేతులు వణుకుతూ, మతి తప్పినట్టు మాట్లాడుతూ వచ్చిన రోగుల తాకిడి హఠాత్తుగా పెరిగింది. ఏళ్లతరబడి రోజూ తాగేవారు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, విపరీతమైన చెమటలు, ఫిట్స్, లేనివి కనిపించడం, తామెక్కడున్నామో తెలియకపోవడం వంటివి రావచ్చు, ఇది ప్రాణాపాయం. ఇంట్లోవాళ్లు “పోనీలే, ఈ వంకనైనా మానాడు” అని సంతోషించి గదిలో పడుకోబెడతారు. అలా చేయకుండా వెంటనే 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. శానిటైజరు వంటివి అతని చేతికి అందకుండా తీసేయాలి.

చావు గురించి మాట్లాడుతున్న మనిషిని “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అని సూటిగా అడగడానికి వెనుకాడవద్దు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగినప్పుడు చాలామంది భారం దించుకున్నట్టు మాట్లాడతారు. అవునంటే ఒంటరిగా వదలకూడదు. పల్లెటూరి ఇంట్లో మొదట చేయవలసిన పని పురుగుమందు డబ్బాను ఇంటి నుంచి తరలించడం. పశువుల కొట్టంలోనో అటక మీదో దాచితే చాలదు, వేరొకరి ఇంట్లో తాళం వేసి ఉంచాలి. పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకువెళ్లకుండా దాచే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే భావించి, శిక్ష నుంచి కాపాడుతోంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బాధపడుతున్న మనిషి మాట్లాడలేకపోతే ఇంట్లోవాళ్లు చేసి సలహా అడగవచ్చు.

దుఃఖం ఆంక్షలతో కలిస్తే మరింత బరువెక్కుతుంది. చివరిచూపు దక్కకుండా, పెద్దకర్మకు నలుగురూ రాకుండా అయినవాళ్లను సాగనంపిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో నెల్లూరుకు చెందిన ఒక వైద్యుడు కోవిడ్‌తో చెన్నైలో మరణిస్తే, దహన సంస్కారానికి స్థానికులు అడ్డుపడ్డారు. వ్యాధి కన్నా ఈ వెలి ఎక్కువ గాయం చేసింది. నెలలు గడిచినా, సంవత్సరీకం నాడైనా బంధుమిత్రులను పిలిచి సంస్మరణ జరపమని అలాంటి కుటుంబాలకు చెప్పడం, దానికి మనమే ముందు నిలబడడం తప్పకుండా చేయవలసిన పని.

టీకా మాట ఎత్తడం

టీకా మీద అనుమానాన్ని అజ్ఞానమని తీసిపారేసేవారు ఖమ్మం జిల్లాలో జరిగినది గుర్తుకు తెచ్చుకోవాలి. 2009లో అక్కడ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను వేలాది బాలికలకు ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు; కానీ చాలామంది పిల్లల అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేసిన సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే అయినా, అడగవలసినవారిని అడగకపోతే నమ్మకం పోతుంది. ఇంట్లోనూ అంతే: ఆధార్ కార్డు తీసుకుని తల్లికి చెప్పకుండా పేరు నమోదు చేయించే కొడుకు మంచి ఉద్దేశంతోనే చేసినా, రెండో డోసుకు ఆమె కదలదు.

మాట్లాడడానికి పని ఒత్తిడి లేని వేళ, ఇద్దరే ఉన్న చోటు ఎంచుకోవాలి. పదిమందిలో “వేయించుకోను” అన్న మనిషి పరువు కోసమైనా ఆ మాట మీదే నిలబడతాడు. “అమ్మమ్మా, నీకు దేని గురించి భయం?” అని అడిగి, చెప్పినవి ఒక నోటు పుస్తకంలో ఆమె మాటల్లోనే రాసుకోవాలి. ఆమెకు ఉన్నది జ్వరం భయమైతే మనం జన్యువుల గురించి ఉపన్యసిస్తే కొత్త భయం పుడుతుంది. రాసుకున్నవాటిలో తెలిసినవాటికి జవాబు చెప్పి, తెలియనివి ఏఎన్ఎంనో, ఆమె నమ్మే డాక్టరునో అడిగి, మర్నాడు మళ్లీ రావాలి. ఒక్క విడతలో ఒప్పించాలన్న పట్టుదల పనికిరాదు.

“ఇంత తొందరగా ఎలా తయారు చేశారు?” అన్నది సబబైన ప్రశ్న. 2020 జనవరిలోనే వైరస్ జన్యుక్రమం ప్రపంచానికంతటికీ అందుబాటులోకి వచ్చిందని, కోవిషీల్డ్‌కు ఆధారమైన పద్ధతి మీద ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు మెర్స్ వ్యాధి విషయంలో అప్పటికే పనిచేసి ఉన్నారని, ప్రయోగ దశలను ఒకదాని వెంట ఒకటి కాకుండా కొంతమేర కలిపి జరిపారని, ఫలితాలు రాకముందే నష్టానికి సిద్ధపడి తయారీ మొదలుపెట్టారని చెప్పాలి. హైదరాబాదు జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్‌లో ఉన్నది చంపిన వైరస్. ఇది పాత పద్ధతే. అయితే 2021 జనవరి 3న దానికి అత్యవసర అనుమతి ఇచ్చేనాటికి మూడో దశ ప్రయోగాల సామర్థ్య ఫలితాలు వెలువడలేదన్న విమర్శ నిజమైనదే, దానిని దాచకూడదు. తర్వాత వచ్చిన ఫలితాల్లో సామర్థ్యం 77.8 శాతంగా తేలిందని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నవంబరు 3న గుర్తింపు ఇచ్చిందని కూడా కలిపి చెబితే, మన మాట పూర్తి నిజమవుతుంది.

“రక్తం గడ్డకడుతుందట కదా” అన్నప్పుడు అబద్ధమని కొట్టిపారేయకూడదు. కోవిషీల్డ్ రకం టీకాతో చాలా అరుదుగా అలా జరుగుతుందని యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లోనే ప్రకటించింది. ఇది అరుదుగా జరగవచ్చని తయారీ సంస్థ బ్రిటన్ కోర్టు పత్రాల్లో ఒప్పుకుందన్న వార్తలు 2024లో వచ్చినప్పుడు, మూడేళ్ల కిందట వేయించుకున్నవారు సైతం బెంబేలెత్తిపోయారు. ఆ సమస్య వచ్చేటట్లయితే టీకా వేసిన తొలి కొన్ని వారాల్లోనే వస్తుందని అప్పుడు వారికి చెప్పవలసిన మాట. “వేయించుకున్నవాళ్లకూ వచ్చింది” అన్నదీ నిజమే. టీకా వేయించుకుంటే ఇక వ్యాధి రాదని మాట ఇవ్వకూడదు. ప్రాణం మీదకు వచ్చే అవకాశం బాగా తగ్గుతుందని మాత్రమే చెప్పాలి. ఎక్కువ చెప్పి ఒప్పిస్తే, పొరుగింట్లో ఒకరికి వ్యాధి రాగానే మన మాట మొత్తం కొట్టుకుపోతుంది.

నాటుమందుల విషయంలో ఎగతాళి వద్దు. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికి ఒక నాటువైద్యుడు కోవిడ్‌కు ఇచ్చే మందు కోసం వేలాది మంది తరలివెళ్లారు. ఆసుపత్రిలో పడక దొరకని ఆ రోజుల్లో ఆ ఆశను అర్థం చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సైతం ఆ మందుకు అనుమతి ఇస్తూ, కంట్లో వేసే చుక్కలను మాత్రం మినహాయించింది. పెద్దలు అలాంటిదేదైనా తీసుకుంటామంటే, కంట్లో ఏదీ వేయించుకోవద్దని, డాక్టరు రాసిన మందులు ఆపవద్దని, రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గితే క్షణం ఆలస్యం చేయవద్దని, టీకా మానవద్దని షరతు పెట్టుకోవాలి.

ఒప్పుకున్నాక టీకా రోజును తేలిక చేయాలి. వదులు చేతుల జాకెట్టు వేసుకోమని చెప్పాలి. ఏమైనా తినిపించి తీసుకువెళ్లాలి. బీపీ, షుగరు మందులు ఆపనక్కరలేదు. రక్తం పలచబడే మందు వాడుతుంటే, లేదా ఇంతకుముందు ఏ సూదిమందుకైనా ఒళ్లు దద్దుర్లెక్కి ఊపిరాడని అనుభవం ఉంటే, సూది వేసేముందే చెప్పాలి. వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. ఆ రాత్రి జ్వరం, చెయ్యి నొప్పి రావచ్చని ముందే చెప్పి, పారాసెటమాల్ దగ్గర ఉంచి, వీలైతే ఆ రాత్రి ఆమె ఇంట్లోనే పడుకోవాలి. తర్వాతి మూడు నాలుగు వారాల్లో ఆయాసం, ఛాతీనొప్పి, కాలి వాపు, తగ్గని తలనొప్పి, సూది వేసిన చోటుకు దూరంగా చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తే ఆసుపత్రికి తీసుకువెళ్లి, టీకా ఏ రోజు వేశారో డాక్టరుకు చెప్పాలి. ఏఎన్ఎంకు కూడా తెలియజేసి నమోదు చేయించాలి. రెండో డోసు తేదీని క్యాలెండరు మీద ఆమె చేతనే రాయించాలి. కోవిషీల్డ్ విషయంలో జరిగినట్టు మధ్యలో గడువు మారితే, ఎందుకు మారిందో కనుక్కుని, ఆమె అడగకముందే వెళ్లి చెప్పాలి.